గ్రామస్థుడు-3

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన గేమ్ స్క్రిప్టు ఆసాంతం చదివాను. కొండలూ, వానలో నానే ఆ రాతికోటా బాగున్నాయి. ఆ సంగతి అక్కడితో సరి. నలభయ్యో పేజీలో ఎండిన బావి దగ్గర ఒక ముసలాయన నిలబడి, "బాబూ, నా కూతుర్ని దొంగలు ఎత్తుకెళ్లారు" అంటాడు. హీరో వెళ్లి తీసుకొస్తాడు. ముసలాయన యాభై నాణేలిచ్చి, మళ్లీ బావి దగ్గరికే వెళ్లి నిలబడతాడు. ఆయనకి నువ్వు పెట్టిన పేరు 'గ్రామస్థుడు-3'. నాకు ఒళ్లు మండింది. కూతురు ఇంటికొచ్చిందిగా, ఇంకా బావి దగ్గర ఏం పని ఆయనకి?

"ఓపెన్ వరల్డ్ కదా మాస్టారూ, ఆటగాడు ఎప్పుడు ఏ ఊరొస్తాడో తెలీదు" అని ఉత్తరంలో ముందే సర్దిచెప్పుకున్నావు. నేనూ మా మనవడి పక్కన కూర్చుని చూసినవాణ్ణే. 2011 నాటి స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో జనం పొద్దున్నే కొట్లు తెరుస్తారు, రాత్రికి సత్రం చేరతారు. టైంటేబుల్ ఉంది, గుబులే లేదు. కాపలా సిపాయి తనూ ఒకప్పుడు సాహసాలు చేసేవాణ్ణనీ, మోకాల్లో బాణం దిగాక మానేశాననీ అంటాడు. ఒక్కడంటే అయ్యో అనిపిస్తుంది. ఊరూరా అదే మాటంటే? ఎగతాళైపోయింది.

2015లో ఫాలౌట్ 4 అని ఇంకో ఆట. బిడ్డను ఎత్తుకుపోయారు, వెతకాలి. మావాడేమో ఆటలో స్క్రూల కోసం పాత టేబుల్ ఫ్యాన్లు ఏరుకుంటూ వారం తిరిగాడు. ఆట బ్రహ్మాండం, నేనూ అన్నానికి లేవలేదు. కానీ బిడ్డ పోయిన మనిషి ఏడుపు ఆ ఫ్యాన్ల మధ్య ఎక్కడో జారిపోయింది.

అదే ఏడు పోలండ్ కంపెనీ సీడీ ప్రొజెక్ట్ రెడ్ వాళ్లు విచర్ 3 ఆట తెచ్చారు. అందులో బ్లడీ బారన్ అని ఒకడు. నా పెళ్లాన్నీ కూతుర్నీ వెతికిపెట్టు, నువ్వు వెతుకుతున్న పిల్ల కబురు చెబుతా అని హీరోతో బేరం పెడతాడు. వాళ్లెందుకు వెళ్లిపోయారో మాత్రం చెప్పడు. ఆ ఇల్లంతా గాలిస్తేగానీ తెలీదు, తాగి భార్యని కొట్టేవాడని. కడుపులోనే పోయిన పసిగుడ్డుని పేరైనా పెట్టకుండా పాతిపెట్టాడని. అది పిశాచమై లేస్తుంది. మనం ఎంచుకున్న దారిని బట్టి, దానికి పేరు పెట్టి గడప కింద పాతితే శాంతిస్తుంది. నీ ముసలాయన సంగతి చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది.

నేను చెప్పేది ఒక్కటే, వందసార్లయినా చెబుతాను: దాచుకునే మాట ఒకటి లేకపోతే వాడు పాత్ర కాడు, దారి చూపే బోర్డు. హీరోతో అబద్ధమాడాల్సిన అవసరం వాడికి ఉండాలి.

1987లో నా మొదటి సీరియల్లో ఒక రేషన్ డీలరుండేవాడు. తూకంలో కొట్టేసేవాడు. ఒక ఇంటికి మాత్రం చీకటిపడ్డాక కిరసనాయిలు డబ్బా పంపేవాడు, కార్డులో రాయకుండా. ఎందుకో నేను రాయలేదు. వారపత్రిక ఎడిటరుగారు "వీడు మంచోడో చెడ్డోడో తేల్చండి, పాఠకులు తికమకపడతారు" అని డబ్బా పీకేశారు. ఆ జాగాలో తలనూనె ప్రకటన వేసుకున్నారు. ఇంటి అద్దె బాకీ ఉండి నోరుమూసుకున్నాను. ఇప్పుడు "క్యారెక్టర్ ఆర్క్", అంటే కథలో పాత్ర ఎలా మారాలో, అంటూ పటాలు గీసే కుర్రాళ్లని చూసినా నాకు ఆ ఎడిటరే కనిపిస్తాడు.

నీకు రాయడం రాదని కాదు. పన్నెండో పేజీలో, రాక్షసుణ్ణి చంపి రక్తంతో వస్తున్న హీరోని ఆ అవ్వ "గట్టు మీంచి పో, జొన్నచేను తొక్కకు" అంటుంది చూడు, అక్కడ కాసేపు ఆగిపోయాను. ఆమెకి హీరో లెక్కలేదు. చేనుంది.

ఏ కంపెనీకి పంపాలి, ఎంత అడగాలి అన్నావు, అవి తర్వాత. ముందు ఆ ముసలాయనకి పేరు పెట్టు. బావి ఎందుకు ఎండిందో ఆయనకి తెలుసని నా అనుమానం. హీరోకి చెప్పనివ్వకు. నాకు మాత్రం రాసి పంపు.