కొబ్బరిలో కొమ్ము పురుగు: మగదా, ఆడదా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మూడెకరాల కొబ్బరి తోటలో కొన్ని నాలుగేళ్ల మొక్కలూ ఉన్నాయి. మొవ్వు కొరికేస్తున్నాయని లింగాకర్షక బుట్ట (వాసనతో పురుగుల్ని రప్పించి పట్టేది) కట్టాను. పడ్డవాటిలో కొన్నింటికి కొమ్ము పొడుగ్గా ఉంది, కొన్నింటికి బుడిపెలా ఉంది, సైజులు కూడా ఒకటి కాదు. ఇవి రెండు రకాలా? కొమ్ము చిన్నవి ఆడవి, అవి మొవ్వు జోలికి రావని పక్క రైతు అంటున్నాడు. అసలు బుట్టల్లో మగవే పడతాయంటారు కదా, మరి ఆడవాటి సంగతేంటి?

జవాబు: ఒకటే రకమండీ, అన్నీ కొమ్ము పురుగులే. తేడా చిన్నప్పటి తిండిలో వస్తుంది. పెంటకుప్పలోనో పుచ్చిన కొబ్బరి మొద్దులోనో తెల్లటి పిల్లపురుగు నెలల తరబడి మేస్తుంది కదా, అక్కడ మాగిన పేడ దండిగా దొరికినది పెద్ద పెంకు పురుగవుతుంది, చాలీచాలని తిండితో పెరిగినది పొట్టిగా మిగిలిపోతుంది. పెంకు వచ్చాక ఇక ఎదుగుదల లేదు, చిన్నది రేపు పెద్దదవుతుందని అనుకోకండి. మామూలుగా మూడున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా ఉంటాయి.

మగవాటిలో ఒళ్లు పెద్దదైతే కొమ్మూ పొడుగే, ఒళ్లు చిన్నదైతే కొమ్మూ బుడిపే. ఆడదానికీ కొమ్ము ఉంటుంది, కాకపోతే సాధారణంగా పొట్టిగా ఉంటుంది. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. పొట్టి మగదాన్నీ బాగా తిని ఎదిగిన ఆడదాన్నీ పక్కపక్కన పెడితే, కొమ్ము చూసి ఏది ఏదో చెప్పడం నా వల్ల కూడా కాదు.

అందుకే కొమ్ము వదిలేసి పురుగును వెల్లకిలా తిప్పండి. కాళ్ల ముళ్లు గీరుకుంటాయి, గుడ్డతో పట్టుకోండి. పొట్ట చివర ఎర్రటి గోధుమరంగు నూగు గుబురుగా, అరిగిన బ్రష్షులా కనిపిస్తే ఆడది. నున్నగా మెరుస్తుంటే మగది. రెండు మూడు చూస్తే చాలు, చెయ్యి అలవాటైపోతుంది. కొబ్బరిని పట్టే మరో పురుగు, ఎర్రముక్కు పురుగులో మాత్రం వ్యవహారం తిరగబడుతుంది, అక్కడ ముక్కు మీద వెంట్రుకలుండేది మగదానికి. రెండూ కలిపేసుకోకండి. పేడ గొయ్యి తవ్వేటప్పుడు ఎర్రగా, మెత్తగా దొరికేవి కూడా వేరే జాతి కాదు, అప్పుడే పెంకు కట్టిన లేత పురుగులు, ముదిరాక నల్లబడతాయి.

పక్క రైతు మాట నమ్మకండి. ఆడా మగా రెండూ మొవ్వులోకి తొలుచుకుపోయి రసం పీలుస్తాయి, అందుకే విచ్చుకున్న మట్ట విసనకర్రను కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. బుట్టల్లో మగవే పడతాయన్న మాట పత్తి చేలో చూసి వచ్చింది, అక్కడ ఆడ రెక్కల పురుగు వాసన పెట్టి మగవాటిని రప్పిస్తాం. ఇక్కడ వాసన విడిచేది మగ పురుగు, దానికి ఆడవీ మగవీ కూడా వస్తాయి, చాలాసార్లు ఆడవే ఎక్కువ పడతాయి. మనకు కావలసిందీ అదే, ఒక్కో ఆడది వంద గుడ్ల దాకా పెట్టగలదు మరి.

ఇక చేయాల్సింది. తొలిచిన కన్నంలో పీచు కనిపిస్తే ఇనుప కొక్కెంతో పురుగును లాగేయండి. చిన్న మొక్కలకు మొవ్వు పక్క మట్టల మొదళ్లలో నాలుగు కలరా ఉండలు పెట్టి ఇసుకతో కప్పండి, 45 రోజులకోసారి మార్చాలి. పెద్ద చెట్లకైతే వేపపిండి 250 గ్రాములు, అంతే ఇసుక కలిపి పై మూడు మట్టల మొదళ్లలో వేయండి. పెంటకుప్పను తిరగేసి పిల్లపురుగుల్ని ఏరేయండి, కోళ్లు ఉంటే వదలండి, వాటికి పండగే. ఏరడం కుదరని గొయ్యిలో మెటారైజియం (పురుగుల్ని చంపే బూజు) కలపండి.

బుట్ట ఎక్కడ కట్టారో రాయలేదు. నాలుగేళ్ల మొక్కల మధ్య ఉంటే మాత్రం వెంటనే దూరంగా గట్టు వైపు మార్చండి. వాసన పట్టుకుని వచ్చిన ప్రతి పురుగూ బుట్టలోనే పడదు, కొన్ని పక్క మొక్క మొవ్వు మీద వాలతాయి.