సొంత ప్లగిన్: మొదటి అడుగులు

ప్రశ్న: నేను తెనాలిలో పెళ్లి ఫొటోలు తీస్తాను. ఒక్కో పెళ్లికి రెండు మూడు వేల ఫొటోలు అడోబీ వారి ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో చేరతాయి. వాటికి కుటుంబాల వారీగా పేర్లు పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయడానికే రెండు రోజులు పడుతోంది. నాకు కొద్దిగా పైథాన్ వచ్చు. ఈ పని చేసే ప్లగిన్ (లైట్‌రూమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) ఒకటి రాసుకుని, కుదిరితే తోటి ఫొటోగ్రాఫర్లకు అమ్మాలని ఉంది. మీరు ఇటువంటిది చేశారు కదా, మొదట్లో ఏమి ఎదురవుతుంది?
- ఒక పాఠకుడు

జవాబు: మీరు వాడేది లైట్‌రూమ్ క్లాసిక్ అయితేనే ఈ ఆలోచన ముందుకు సాగుతుంది, ఎందుకంటే క్లౌడ్ లైట్‌రూమ్‌లో ఈ ప్లగిన్లు నడవవు. క్లాసిక్‌లోనూ పైథాన్ కాదు, లువా భాషలో రాయాలి. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన ఈ చిన్న భాషతోనే అడోబీ లైట్‌రూమ్‌లో చాలా భాగాన్ని రాసుకుంది. పైథాన్ వచ్చినవారికి లువా త్వరగానే పట్టుబడుతుంది గాని, జాబితాలో లెక్క సున్నాతో కాక ఒకటితో మొదలవుతుందన్న సంగతి చేతికి అలవాటయ్యే వరకు విసిగిస్తుంది. ఫొటోలోని పిక్సెళ్లను నేరుగా మార్చే వీలు ఈ ప్లగిన్లకు లేదు. మీకు కావలసింది పేర్లూ ఎక్స్‌పోర్టూ కాబట్టి ఆ లోటు మీకు అడ్డు రాదు.

ఇక ఎదురయ్యేవాటి గురించి. నా మొదటి ప్లగిన్‌లో ఫైలు పేరు మరీ పొడవు కాకుండా ఇరవై దగ్గర కత్తిరించే ఒక కోడ్ వరుస రాశాను. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి, బాగుందనుకుని, ఒక మిత్రుడికి ఇచ్చాను. ఆయన పెళ్లికొడుకు పేరును తెలుగులో 'సీతారామయ్య' అని పెడితే, ఫైలు మీద 'సీతారా' వరకు సరిగ్గా వచ్చి, ఆ పక్కన ఏదో చెత్త గుర్తు కనిపించింది. లువా అక్షరాలను కాదు, అవి కంప్యూటర్‌లో తీసుకునే చోటును, అంటే బైట్లను లెక్కిస్తుంది. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతపు గుర్తుకూ పొల్లుకూ విడిగా మూడేసి. ఆ లెక్కన ఆ పేరుకు ముప్పై బైట్లు అవుతాయి. ఇరవై దగ్గర నా కత్తెర సరిగ్గా 'మ' మధ్యలో పడింది. ఇంగ్లీషులో రాసి ఉంటే అక్షరానికి ఒక్కటి చొప్పున పదకొండు బైట్లే కాబట్టి ఈ తప్పు నా కంట పడేదే కాదు.

ఫొటోల శీర్షికలను కూడా ప్లగిన్ మార్చేటట్లయితే, ఆ పనిని లైట్‌రూమ్ ఇచ్చే రాత అనుమతి (రైట్ యాక్సెస్) లోపలే చేయాలి. ఆ అనుమతి తీసుకునేటప్పుడు పనికి మీరు పెట్టిన పేరే అన్‌డూ మెనూలో కనిపిస్తుంది కనుక, నలుగురికీ అర్థమయ్యే పేరు పెట్టండి. అన్‌డూ ఉంది కదా అని అసలు క్యాటలాగ్ (ఫొటోల వివరాలను లైట్‌రూమ్ దాచుకునే ఫైలు) మీద ప్రయోగాలు చేయవద్దు. దాని నకలు తీసుకుని, యాభై ఫొటోలతో మొదలుపెట్టండి.

అమ్మకం మాట ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. డబ్బు తీసుకున్న రోజు నుంచి విండోస్‌లో ఆగినా, మ్యాక్‌లో ఆగినా, ముహూర్తం వేళ ఫోన్ మోగేది మీకే. ఒక పెళ్లిళ్ల సీజను అంతా మీ స్టూడియోలోనే వాడి, ఎక్కడెక్కడ ఆగిందో ఒక పుస్తకంలో రాసుకుని, ఆ తప్పులన్నీ సరిచేసిన తరువాతే ధర గురించి ఆలోచించండి.