గట్టు దారా, పుంతా?

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలో వేయాలనుకున్న అట్లాంటిక్ కోస్ట్ గ్యాస్ పైప్‌లైన్ కేసు మీద తెలుగులో ఒకరు కూర్చుని ఇంత శ్రద్ధగా రాశారంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నాలుగు పేజీలు తిప్పినా కేసు దేని గురించో నాకు అంతుపట్టలేదు. వేడెక్కుతున్న భూమి, కంపెనీల దురాశ, వర్జీనియా అడవుల్లో శరత్కాలపు రంగులు, చివరికి 2014 జూన్ 27న మన కోనసీమలో నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన ఘోరం, అన్నీ తెచ్చి ఒకే మూటలో కట్టేశావు. నగరం గురించి రాయాల్సిందే, కానీ విడిగా, ఇంకా పెద్దగా రాయి. ఇక్కడికి లాక్కొస్తే ఆ చనిపోయినవాళ్ళకీ న్యాయం జరగదు, ఈ కేసూ అర్థం కాదు. అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ప్రశ్న చాలా చిన్నది: అపలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి కొండల కాలిబాట కింద నుంచి గ్యాస్ పైపు వేసుకోమని దారి హక్కు ఇచ్చే అధికారం ఫారెస్ట్ సర్వీస్‌కి ఉందా, లేదా? ఈ ఒక్క వాక్యం నీ మొదటి పేజీలో ఉండాలి. అది లేకుండా ఎంత ఆవేశంగా రాసినా చదివేవాడు మధ్యలోనే వదిలేస్తాడు.

ఆ తర్వాత ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో చెప్పు. 1920 నాటి మినరల్ లీజింగ్ చట్టం ఉంది కదా, దాన్ని 1973లో సవరించారు. ఫెడరల్ భూముల మీదుగా పైపులకు దారి ఇచ్చే అధికారం ఆయా సంస్థలకి ఇస్తూనే, ‘ఫెడరల్ భూములు’ అంటే ఏమిటో చెప్పేచోట నేషనల్ పార్క్ సిస్టమ్‌లోని భూముల్ని మినహాయించింది. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ మినహాయింపు మీద నుంచి జారిపోయాను, నువ్వూ జారిపోయావు. తగాదా అంతా అక్కడే ఉంది. ట్రెయిల్‌ని చూసుకునేది నేషనల్ పార్క్ సర్వీస్, అది ప్రభుత్వ భూములు చూసే ఇంటీరియర్ శాఖ కింద ఉంటుంది. పైపు దాటాల్సిన చోట నేల మాత్రం జార్జ్ వాషింగ్టన్ నేషనల్ ఫారెస్ట్‌ది, అంటే వ్యవసాయ శాఖ కింద ఉండే ఫారెస్ట్ సర్వీస్‌ది. ఒకే చోటు, రెండు ఆఫీసులు. ట్రెయిల్‌ని పార్క్ భూమి అనుకుంటే ఫారెస్ట్ సర్వీసే కాదు, ఆ చట్టం కింద ఏ సంస్థా అక్కడ పైపుకి దారి ఇవ్వడానికి లేదు.

ఇక్కడ నువ్వు ‘ఈజ్‌మెంట్ సిద్ధాంతం’ అని ఒక ముక్క రాసి ముందుకెళ్ళిపోయావు. ఈజ్‌మెంట్ అంటే ఇంకొకరి నేల మీద మనకుండే వాడుక హక్కు. మన పాఠకుడికి అది పొలంలో నిలబెట్టి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడివి, నీకు రెండు రకాల దారులు తెలుసు. పక్కవాడి గట్టు మీదుగా మన చేనుకి వెళ్తాం. నడిచే హక్కు మనది, గట్టు మాత్రం అతనిది. రెండోది పుంత. అది ఏ రైతుదీ కాదు, సర్వే పటంలో దాని జాగా దానికి విడిగా ఉంటుంది, ఆ నేలే దారి. ఇప్పుడు అపలాచియన్ ట్రెయిల్ గట్టు దారి లాంటిదా, పుంత లాంటిదా? తొమ్మిది మంది జడ్జీలు తేల్చాల్సింది ఇదే.

గట్టు దారే అన్నారు ఏడుగురు. 2020 జూన్ 15న జస్టిస్ క్లారెన్స్ థామస్ రాసిన తీర్పు అది. ఆ అడవి 1911 నాటి వీక్స్ చట్టం కింద కొన్న భూమి, 1968లో ట్రెయిల్స్ చట్టం వచ్చింది, 1969లో ఇంటీరియర్ శాఖ ట్రెయిల్ బాధ్యతని పార్క్ సర్వీస్‌కి అప్పగించింది. అప్పగించింది కాలిబాట నిర్వహణ, నేల కాదు అన్నది ఆయన వాదన. ఫారెస్ట్ సర్వీస్ పార్క్ సర్వీస్‌కి ఇచ్చింది దారి హక్కు మాత్రమే కాబట్టి భూమి చేతులు మారలేదన్నమాట. బ్లూ రిడ్జ్ పార్క్‌వే లాంటి చోట భూమి బదిలీ చేయాలనుకున్నప్పుడు కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఆ మాట విప్పి చెప్పింది, ఇక్కడ చెప్పలేదు అని కూడా చూపించారు. ఇంకో భయం కూడా ఉంది ఆ తీర్పులో, దాన్ని నువ్వు అసలు ముట్టుకోలేదు. ట్రెయిల్ మెయిన్ రాష్ట్రం నుంచి జార్జియా దాకా పద్నాలుగు రాష్ట్రాల మీదుగా దాదాపు 2,190 మైళ్ళు పోతుంది. అదంతా పైపులు దాటకూడని గీత అయిపోతే, పార్క్ సర్వీస్ అధికారం చూస్తూ చూస్తూ ఇతర సంస్థల, రాష్ట్రాల, ప్రైవేటు మనుషుల నేలల మీదికి పాకుతుందన్నది ఆ భయం.

ఇద్దరు ఒప్పుకోలేదు. జస్టిస్ సొటొమేయర్ భిన్నాభిప్రాయం రాశారు, జస్టిస్ కేగన్ ఆమెతో కలిశారు. పార్క్ సర్వీస్ నిర్వహించే ఏ భూమైనా, నీరైనా పార్క్ సిస్టమ్‌లో భాగమని చట్టమే చెప్తోంది, ట్రెయిల్ తమ సిస్టమ్‌లో ఒక యూనిట్ అని పార్క్ సర్వీస్ స్వయంగా ఎన్నోచోట్ల రాసుకుంది, ఇంక ఆస్తి చట్టం ఉపమానాలు ఎందుకు అని ఆమె అడిగారు. నేల లేని బాట ఎక్కడుంటుంది? మనసు చెప్పమంటే నా మనసు ఆమె వైపే. అయినా థామస్ వాదనని నీ వ్యాసంలో రెండు లైన్లలో చప్పగా చెప్పి పడగొట్టడం నాకు నచ్చలేదు. మామూలుగా సొటొమేయర్ వైపు ఉండే జస్టిస్ గిన్స్‌బర్గ్ కూడా ఒక్క భాగం తప్ప మిగతా అంతా థామస్‌తో కలిశారు, అలాంటి జస్టిస్ బ్రయరూ కలిశారు. వాళ్ళని ఒప్పించిన వాదనలో పస లేదని రాస్తే నిన్ను ఎవరు నమ్ముతారు? ముందు దాన్ని నువ్వే ఎంత బలంగా చెప్పగలవో అంత బలంగా చెప్పు. చదివేవాడు “అవును, నిజమే కదా” అనాలి. తర్వాత సొటొమేయర్ మాట వినిపించు, అప్పుడు దానికి బరువొస్తుంది.

ఈ గట్టు దారి సంగతి నాకు పుస్తకంలో కంటే ముందు మా తోటలో తెలిసింది. మా నాన్నగారి కొబ్బరితోట మధ్య నుంచి గ్యాస్ పైపు పోయింది. మన దేశంలో దానికి 1962 నాటి చట్టం ఉంది. భూమి తీసుకోరు, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. పైపు వేయడం వల్ల జరిగిన నష్టానికి ఇచ్చేది కాక, ఆ హక్కు కింద భూమి మార్కెట్ విలువలో పది శాతం ఇస్తారు. తర్వాత ఆ స్ట్రిప్ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఇప్పటికీ మా తోటలోకి వెళ్తే పాపిడి తీసినట్టు ఒక తిన్నని ఖాళీ కనిపిస్తుంది, ఆ చివరొకటి, ఈ చివరొకటి పసుపు రాళ్ళు, మధ్యలో గడ్డి. పాస్‌బుక్‌లో విస్తీర్ణం ఒక్క సెంటు కూడా తగ్గలేదు. నాన్నగారు మాత్రం ఆ గడ్డి అంచున నిలబడి “ఇది మనదేరా, మొక్క పెట్టడానికే లేదు” అనేవారు. భూమీ, దాని మీద హక్కూ వేరువేరు అని థామస్ అంటే నాకు వెంటనే అర్థమైంది. కాగితం మీద విడదీసినంత తేలిగ్గా నేల మీద అవి విడిపోవు అని సొటొమేయర్ అంటే అదీ అర్థమైంది. నీ దగ్గరా ఇలాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది, వెతుకు.

అంకెలు బాగానే సేకరించావు, కానీ కుప్ప పోశావు. పైపు పొడవు సుమారు 600 మైళ్ళు, వెస్ట్ వర్జీనియా నుంచి నార్త్ కరొలైనా దాకా. వెడల్పు 42 అంగుళాలు, చిన్నపిల్లాడు లోపల నిలబడగలడు. ఇవి చాలు. నువ్వు వదిలేసిన అంకె మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది. కోర్టుకెక్కిన ముక్క పొడవు మైలులో పదో వంతు, అదీ ట్రెయిల్‌కి 600 అడుగుల కింద. అరవై అంతస్తుల మేడంత లోతు! సొరంగం నోళ్ళు రెండూ ట్రెయిల్ నుంచి కనిపించనంత దూరంలో ఉంటాయి, నడిచేవాళ్ళ దారి మళ్ళించక్కర్లేదు. ఇది కంపెనీకి అనుకూలమైన వివరమని నువ్వు దాచావేమో అని నాకు అనుమానం. దాచకు తమ్ముడూ. అంత చిన్న ముక్క కోసం అంత పెద్ద గొడవ ఎందుకు జరిగిందన్న ఆశ్చర్యమే పాఠకుణ్ణి చివరిదాకా లాక్కెళ్తుంది.

ఇంకో తప్పు గట్టిగా పట్టుకుంటున్నాను. “సుప్రీంకోర్టు పైప్‌లైన్‌కి అనుమతి ఇచ్చింది” అని రాశావు. ఇవ్వలేదు. ఆ అధికారం ఫారెస్ట్ సర్వీస్‌కి ఉంది అంది, అంతే. 2018 డిసెంబర్‌లో ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఫారెస్ట్ సర్వీస్ ఇచ్చిన పర్మిట్‌ని కొట్టేసినప్పుడు అడవుల నిర్వహణ చట్టం, పర్యావరణ విధాన చట్టం కింద కూడా తప్పులు పట్టింది. వాటిని సుప్రీంకోర్టు తాకలేదు. అంతకుముందే, 2020 జనవరిలో, వర్జీనియాలోని యూనియన్ హిల్ దగ్గర కట్టాల్సిన కంప్రెసర్ స్టేషన్ (పైపులో గ్యాస్‌ని ఒత్తిడితో ముందుకు తోసేది) గాలి కాలుష్య పర్మిట్‌నీ అదే అప్పీళ్ళ కోర్టు రద్దు చేసింది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్ళు అంతర్యుద్ధం తర్వాత నిలబెట్టుకున్న ఊరు అది. దానికి నీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు, నాకు చాలా బాధేసింది. ట్రెయిల్ మీద నడిచేవాళ్ళు నాలుగు రోజులు ఉండి వెళ్ళిపోతారు, యూనియన్ హిల్ వాళ్ళు ఆ మోత పక్కన, ఆ గాలి పీలుస్తూ అక్కడే బతకాలి. ఆ ఊరికి కనీసం ఒక పేజీ ఇవ్వు.

చివరికి ఏమైంది? తీర్పు గెలిచిన ఇరవై రోజులకే, 2020 జూలై 5న, పైపు తలపెట్టిన డొమినియన్, డ్యూక్ కంపెనీలు ప్రాజెక్టునే రద్దు చేసుకున్నాయి. మొదట 500 కోట్ల డాలర్ల లోపు అనుకున్న ఖర్చు 800 కోట్లకి చేరింది, మిగతా కోర్టు చిక్కులు తెగలేదు. ఇది నీ వ్యాసం చివర్లో ఫుట్‌నోట్‌లా పడుంది. పైకి తీసుకురా.

కానీ అక్కడితో ఆపితే “ప్రజలు గెలిచారు” అన్న అబద్ధం మిగులుతుంది. పైపు పోయింది కానీ తీర్పు ఉండిపోయింది. మౌంటెన్ వ్యాలీ పైప్‌లైన్ చూడు, 303 మైళ్ళు, జెఫర్సన్ నేషనల్ ఫారెస్ట్‌లో పీటర్స్ మౌంటెన్ దగ్గర ఇదే ట్రెయిల్ కింద నుంచి పోతుంది. దాని పర్మిట్లని కూడా కోర్టు మళ్ళీ మళ్ళీ కొట్టేసింది. 2023 జూన్‌లో అప్పుల పరిమితి పెంచే చట్టంలో కాంగ్రెస్ ఒక సెక్షన్ చేర్చి, ఆ అనుమతులన్నీ చెల్లుతాయని, వాటి మీద కోర్టులు విచారణ చేయడానికి లేదని రాసేసింది. 2024 జూన్‌లో గ్యాస్ పారింది. దారి ఇచ్చే అధికారం ఎవరిదని అన్నేళ్ళు లాయర్లు కొట్టుకున్నాక కాంగ్రెస్ ఒక్క సెక్షన్‌తో కోర్టు తలుపే వేసేసింది. నాకు దీని మీద కోపం ఉంది, నీ వ్యాసంలో కూడా కోపం ఇక్కడ ఉండాలి. మొదటి పేజీలో అందరి మీదా వెదజల్లిన కోపాన్ని ఏరుకొచ్చి ఇక్కడ పెట్టు.

ఒక పని చెప్తాను. మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు వర్జీనియాలో షెనాండోవా నేషనల్ పార్క్‌లో ఈ ట్రెయిల్ మీద ఒక పూట నడిచాను. చెట్ల మీద రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు తెల్ల రంగు గుర్తులు ఉంటాయి, ఒకటి దాటగానే ఇంకోటి కనిపిస్తుంది. కొన్నిచోట్ల బెరడు పెరిగి రంగు పగుళ్ళిచ్చింది, వేలితో తడిమి చూశాను. అక్కడ నేల పార్క్‌దే, ఏ తగాదా లేదు. దక్షిణంగా నడుస్తూ పోతే ఎక్కడో నేల ఫారెస్ట్ సర్వీస్‌ది అవుతుంది, చెట్టు మీద తెల్ల గుర్తు మాత్రం అదే. నువ్వు రిచ్‌మండ్‌లోనే ఉన్నావు, రెండు గంటల లోపు డ్రైవ్. వచ్చే శనివారం నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళు, ఆ మార్పు కాలికి తెలుస్తుందేమో చూడు, బోర్డు ఏదైనా కనిపిస్తే దాని మీద ఏ ఆఫీసు పేరుందో రాసుకో. తిరిగొచ్చాక మొదటి పేరా కొత్తగా రాసి నాకు పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య