ఆగిన చోటి నుంచి

విజయనగరం

బాబూ,

నీ ఉత్తరం అందింది. మాస్టారు పోతూ సగంలో వదిలిన నాగావళి నవలల్లో నాలుగోదాన్ని పూర్తి చేయమని అమ్మగారు ఆయన నోటుపుస్తకం నీ చేతికిచ్చారని చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ పుస్తకం నేనూ చూశాను. చివరి పేజీలో పడవ రేవు దాటుతుంది. ముసలామె మనవడితో "ఒరే, మీ నాన్న" అంటుంది. అంతే. ఆ పక్కన చిన్న సిరా మరక.

అచ్చం ఆయనలా రాయడం ఎలాగని అడిగావు. ఆ కోరిక మానుకో. ఎర్రన ఏం చేశాడో చూడు. నన్నయ భారతాన్ని తెలుగు చేస్తూ అరణ్యపర్వం నడుమ శరత్కాలపు రాత్రుల్ని వర్ణించే పద్యంతో ఆగిపోయాడు. తిక్కన ఆ మిగులును ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. పద్నాలుగో శతాబ్దిలో అది ఎర్రన చేతికి వచ్చింది. ఆయన మొదటి పద్యం శరత్కాలపు ఉదయాల మీద! నన్నయ రాత్రి దగ్గర వదిలితే, ఎర్రన అదే రుతువులో తెల్లవారనిచ్చాడు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదువు. ఎర్రన శైలి మొదట నన్నయకు దగ్గరగా నడిచి, పోనుపోను తిక్కన వైపు ఒరుగుతుందని పండితులంటారు. కృతిని కూడా నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు.

నువ్వూ మొదటి అధ్యాయంలో మాస్టారి వాక్యం వేలు పట్టుకుని నడువు. తరువాత నీ నడక నీకు వస్తుంది, రానివ్వు. ఆయన చిన్న కథలు పత్రికల్లో మొదట ఎలా పడ్డాయో శ్రీకాకుళంలోని తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయానికి వెళ్లి చూడు. కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 1997లో దాన్ని కట్టింది మనలాంటి వాళ్ల కోసమే.

టెర్రీ ప్రాచెట్ అనే ఇంగ్లిష్ రచయిత తన అసంపూర్ణ రచనలున్న హార్డ్ డిస్కును రోడ్డు రోలరుతో తొక్కించమన్నాడు. ఆయన పోయాక, 2017లో అలాగే చేశారు. మాస్టారు ఎప్పుడైనా అలాంటి మాట అన్నారేమో అమ్మగారిని అడుగు. అని ఉంటే పుస్తకం తిరిగి ఇచ్చేయ్. అనకపోతే ధైర్యంగా మొదలుపెట్టు. 2007లో రాబర్ట్ జోర్డన్ పోయినప్పుడు, ఆయన 'వీల్ ఆఫ్ టైమ్' నవలలు పూర్తి చేయడానికి బ్రాండన్ శాండర్సన్‌ను ఎంచుకున్నది ఆయన భార్యే. ఆ నవలలకు ఎడిటర్ కూడా ఆవిడే. ఒక్క పుస్తకమనుకున్నది మూడై, 2013లో ముగిసింది. అట్టమీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నీ పుస్తకానికీ అలాగే ఉండాలి. ఎక్కడి నుంచి నీ రాతో ముందుమాటలో స్పష్టంగా చెప్పు. పాఠకుణ్ణి ఏమార్చవద్దు. రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులు వారసులవే కనుక అమ్మగారి అనుమతి కాగితం మీద తీసుకో. ఆవిడ నిన్ను కొడుకులా చూసినా సరే, తీసుకో.

నోటుపుస్తకంలో మాత్రం కలం పెట్టకు. జెరాక్స్ తీయించుకుని అసలుది ఈ వారంలోనే ఇచ్చేయ్. ఆ ముసలామె మాట ఎలా పూర్తయిందో నాకు వినాలని ఉంది. మొదటి అధ్యాయం కాగానే బస్సెక్కి ఇంటికి రా, చదివి వినిపిద్దువుగాని.

ఆశీస్సులతో,
నీ మామయ్య