సిస్టర్ కనిపిస్తేనే ఏడుస్తున్నారు

ప్రశ్న: నమస్తే మేడమ్. నర్సింగ్ పూర్తిచేసి పిల్లల వార్డులో చేరి ఐదు నెలలైంది. నన్ను చూడగానే పిల్లలు తల్లి కొంగు చాటుకు పోతున్నారు. తలసీమియా ఉన్న ఆరేళ్ల బాబు ఒకడు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి వస్తాడు. మొన్న ఇద్దరం గట్టిగా పట్టుకుంటే గానీ సూది పెట్టలేకపోయాం. అప్పటి నుంచి నా వైపే చూడట్లేదు, చాక్లెట్ ఇచ్చినా తీసుకోలేదు. డ్యూటీకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక స్టాఫ్ నర్సు, ఖమ్మం

జవాబు: చేతిలో ట్రే లేకుండా వాడి మంచం దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లావో ఒక్కసారి గుర్తు చేసుకో తల్లీ. మనం వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి గుచ్చితే, చాక్లెట్ కూడా సూదికి ముందు వచ్చేదే అనుకుంటారు పిల్లలు.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. నర్సుగా చేరిన కొత్తలో ఒక ఐదేళ్ల పాపకు "మూడు అన్నాకే వేస్తా" అని మాటిచ్చి, చెయ్యి కదలకుండా ఉంది కదా అని రెండు దగ్గరే వేసేశాను. పాప ఏడవలేదు. "నువ్వు మూడు అనలేదు" అంది, అంతే. డిశ్చార్జి అయ్యేదాకా జ్వరం చూడ్డానికి కూడా నన్ను చంకలో థర్మామీటర్ పెట్టనివ్వలేదు. ఆ మాట నాకిప్పటికీ వినిపిస్తుంది. అందుకే "నొప్పే ఉండదు" అని మాత్రం ఎప్పుడూ అనకు. "చురుక్కుమంటుంది, ఏడుపొస్తే ఏడువు, చెయ్యి కదలకుండా నేను పట్టుకుంటా" అను.

పడుకోబెట్టి నలుగురు మీద పడే పద్ధతి మానెయ్యండి, అమ్మ ఒళ్లో ఆమెకేసి కూర్చోబెడితే పిల్లాడు చాలావరకు కుదురుగా ఉంటాడు. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన మొద్దుబార్చే క్రీమ్ ఉంటుంది, డాక్టర్ గారిని అడిగి గంట ముందు రాసి పైన కవర్ అంటించు. తలసీమియా పిల్లలు ఏళ్ల తరబడి వస్తూనే ఉండాలి కాబట్టి ఈ గంట ఎదురుచూడటం దండగ కాదు. రెండుసార్లు నరం దొరకకపోతే పట్టుదలకు పోకుండా సీనియర్‌ని పిలువు. వీలైతే సూది పని వేరే గదిలో పెట్టుకోండి, మంచం మీదైనా వాడు భయం లేకుండా పడుకోవాలి.

ఏడవకుండా గోడవైపు తిరిగి పడుకున్న పిల్లను చూసి "అలవాటుపడింది" అనుకోవద్దు. బ్రిటన్‌లో ఒకప్పుడు అలాగే అనుకుని తల్లిదండ్రులను వార్డులోకి సరిగా రానిచ్చేవారు కాదు. 1952లో పిల్లల మనసు మీద పరిశోధన చేసే జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాపను ఫిల్మ్ తీసి చూపించాడు, ఆ మౌనం వెనక ఎంత దిగులుందో. 1959లో, ఆసుపత్రుల్లో పిల్లల బాగోగులు చూడటానికి అక్కడ ఏర్పాటైన ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలని సిఫార్సు చేసింది. మన వార్డుల్లో అమ్మో అమ్మమ్మో పక్కనే ఉంటారు, దాన్ని వాడుకోవాలి. ఒక్కటే చిక్కు, వాళ్లే "అన్నం తినకపోతే సిస్టర్‌తో సూది వేయిస్తా" అని బెదిరిస్తుంటారు. విన్నప్పుడల్లా అక్కడే, వాడు వింటుండగానే "అలా వెయ్యనమ్మా, జబ్బుకే వేస్తాను" అని చెప్పు.

ఈసారి ఆ బాబు వచ్చినప్పుడు ఒట్టి చేతులతో ఎదురెళ్లి పేరు పెట్టి పిలువు. "మొన్న గట్టిగా పట్టేశాం, నీకు భయమేసింది కదా, సారీ నాన్నా" అను. ఏ చేతికి పెట్టాలో వాడినే అడుగు. జవాబు చెప్పడానికి టైమ్ తీసుకుంటాడు, తీసుకోనివ్వు.