మోడల్‌లో 0.99, కొత్త పొడి పెడితే తప్పు

ప్రశ్న: నేలవేము పొడిలో ఆండ్రోగ్రాఫొలైడ్ (అందులోని చేదు ఔషధ పదార్థం) ఎంత శాతముందో తెలుసుకోవడానికి నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ వాడుతున్నాను. 24 శాంపిళ్లు, ఒక్కోదానికి 5 స్కాన్లు తీసి పైథాన్‌లో పీఎల్ఎస్ మోడల్ (స్కాన్ నుంచి శాతాన్ని అంచనా వేసే గణాంక పద్ధతి) కట్టాను. ఆర్ స్క్వేర్ (అంచనా అసలు విలువకు ఎంత దగ్గరో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.99 వచ్చింది. కొత్త పొడి పెడితే హెచ్‌పీఎల్‌సీ (ల్యాబ్‌లో పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) విలువతో పొంతనే లేదు. పరికరంలో లోపమా?

జవాబు: పరికరం కంటే ముందు డేటాను ఎలా విడదీశారో చూడండి. 120 స్కాన్లనూ కలగలిపి విడగొడితే ఒకే పొడి స్కాన్లు కొన్ని శిక్షణలోకి, కొన్ని పరీక్షలోకి వెళ్తాయి. అప్పుడు మోడల్ శాతాన్ని అంచనా వేయదు, తనకు తెలిసిన పొడిని గుర్తుపడుతుంది. ఇలాంటి 0.99లలో చాలావాటి వెనక ఉండేది ఈ పొరపాటే. స్కికిట్‌లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో కేఫోల్డ్ బదులు, ఒకే శాంపిల్ స్కాన్లన్నిటినీ ఒకే వైపు ఉంచే గ్రూప్‌కేఫోల్డ్ వాడి, గ్రూపుగా శాంపిల్ నంబరు ఇవ్వండి. అంకె పడిపోతే బాధపడకండి, నమ్మాల్సింది దాన్నే.

తర్వాత చూడాల్సింది తేమ. ఈ తరంగదైర్ఘ్యాల్లో ఆండ్రోగ్రాఫొలైడ్‌కు విడిగా కనిపించే శిఖరం లేదు. సెల్యులోజ్, పిండిపదార్థాలు, నీరు అన్నీ ఒకదానిపై ఒకటి పడతాయి. నీటి పట్టీలు (నీరు కాంతిని పీల్చుకునే చోట్లు) 1450, 1940 నానోమీటర్ల దగ్గర బలంగా ఉంటాయి. మీ శాంపిళ్లలో తడి ఎక్కువున్నవాటికే శాతం తక్కువగా ఉంటే, మోడల్ నేర్చుకునేది తేమనే. ఆ రెండు పట్టీలూ తీసేసి మళ్లీ కట్టి చూడండి. హెచ్‌పీఎల్‌సీ శాతాన్ని ఎండు బరువు మీద లెక్కగట్టారా, ఉన్న బరువు మీదా అన్నది కూడా సరిచూడండి. కొన్ని అలా, కొన్ని ఇలా ఉంటే ఏ మోడలూ కుదరదు.

పొడిని 180 మైక్రాన్ల జల్లెడ పట్టండి. నలకల సైజు మారితే కాంతి చెదిరే తీరు మారి గ్రాఫ్ మొత్తం పైకో కిందికో జరుగుతుంది. ఎస్ఎన్‌వీ (ప్రతి స్కాన్‌నూ ఒకే స్కేలుకు తెచ్చే లెక్క) దాన్ని చాలావరకు సరిచేస్తుంది, పూర్తిగా కాదు. ప్రతి స్కాన్‌కూ కప్పు ఖాళీ చేసి మళ్లీ నింపండి, తర్వాత ఐదింటి సగటు తీసుకోండి. కప్పు కదపకుండా ఐదుసార్లు తీస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. దీపం వేడెక్కడానికి అరగంట ఇచ్చి, వైట్ రిఫరెన్స్ (పోలిక కోసం తెల్లటి పలక స్కాన్) తరచూ తీయండి.

24 శాంపిళ్లకు మూడు నాలుగు కాంపొనెంట్లు (స్కాన్ల నుంచి పీఎల్ఎస్ తీసే సారాంశ అంశాలు) మించితే మోడల్ నాయిస్‌ను కూడా నేర్చుకుంటుంది. అసలు 60కి తగ్గకుండా శాంపిళ్లు కావాలి. ఆండ్రోగ్రాఫొలైడ్ కాండంలో కన్నా ఆకులో ఎక్కువ కాబట్టి ఆకు-కాండం పాళ్లు వేర్వేరుగా ఉన్నవీ, వేర్వేరు కోతలవీ కలపండి. ఒక కోత మొత్తాన్నీ ముట్టుకోకుండా చివరి పరీక్షకు పక్కన పెట్టండి. అందులో వచ్చిన లోపాన్ని మీ హెచ్‌పీఎల్‌సీ సొంత లోపంతో పోల్చండి. అంతకన్నా కచ్చితత్వం ఈ పరికరం నుంచి ఆశించలేరు.