క్లామ్ చిప్ప మీద నూక గింజల్లాంటి నత్తలు: మందు లేకుండా ఎలా వదిలించుకున్నానంటే

మీ ప్రశ్న చదివాను. గుంటూరులో మీ ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులో ఉన్న క్లామ్ (రెండు చిప్పల మధ్య ఉండే, ఆల్చిప్పలాంటి సముద్రపు జీవి) వారం నుంచి పూర్తిగా విచ్చుకోవడం లేదు, రాత్రిపూట చిప్ప అంచున నూక గింజల్లాంటివి తెల్లగా కనిపిస్తున్నాయి, ఏ మందు వెయ్యాలి అని అడిగారు. ఏ మందూ వెయ్యొద్దండీ. మిగతాది నెమ్మదిగా చెబుతాను.

నాది విజయవాడ, పటమట. నాలుగడుగుల ట్యాంకులో అరచేయంత డెరాసా జాతి క్లామ్ ఉండేది. ఒక మే నెలలో దాని మ్యాంటిల్, అదే ఆ రంగురంగుల అంచు, లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టింది. మన ఊరి ఎండ సంగతి తెలిసిందేగా, నీళ్ళు వేడెక్కాయనుకున్నాను. చిల్లర్ 26 డిగ్రీలకు పెట్టాను, లైటు తగ్గించాను, మళ్ళీ పెంచాను, సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు శాతం, రోజుకు రెండుసార్లు చూశాను. లీటరుకు 35 గ్రాముల దగ్గర కదలకుండా నిలబడింది. ఇలా మూడు వారాలు పోయాయి. ఒక రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద పంపు నడుస్తోందా లేదా అని ఫోన్ టార్చి వేసి చూస్తే చిప్ప పైఅంచున వరసగా తెల్లటి గింజలు. లెక్కపెడితే పదకొండు. పొద్దున్నే చూస్తే ఒక్కటీ లేదు.

అవి పిరమిడెల్లిడ్ నత్తలు. రెండు మూడు మిల్లీమీటర్లుంటాయి, సన్నగా, ఒక కొస మొనదేలి ఉంటాయి. పగలు క్లామ్ అడుగునో ఇసుకలోనో దాక్కుని, రాత్రి పైకెక్కి పొడవాటి తొండాన్ని మ్యాంటిల్‌లోకి దించి రసం పీలుస్తాయి. ఒకటీ అరా ఉంటే పెద్ద క్లామ్ తట్టుకుంటుంది. అవి పెరిగే కొద్దీ అది నీరసించిపోతుంది, చిన్న క్లామ్ అయితే చచ్చిపోతుంది. గాజు మీద పాకే గుండ్రటి బుల్లి నత్తలు వేరు, అవి నాచు తినేవి, వాటిని వదిలెయ్యండి. రాళ్ళ సందుల్లో జెర్రిలా కనిపించే బ్రిసిల్ వార్మ్ మీద కూడా చాలామంది నేరం మోపుతారు. అది మామూలుగా చచ్చినదాన్ని తినడానికి వస్తుంది.

ఇక మందు సంగతి. కైకలూరు వైపు మా మావయ్యకు రొయ్యల చెరువులున్నాయి. ఆయనకు ఫోన్ చేస్తే, "చెరువులో నత్తలకి మైలుతుత్తమేగా కొట్టేది, చిటికెడు వెయ్యి అల్లుడూ" అన్నాడు. నిజం చెప్పాలంటే పొట్లం కొనేశాను కూడా. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. నత్తను చంపే రాగి క్లామ్‌నూ చంపుతుంది, రెండూ ఒకే తెగ జీవాలు. పైగా రాగి రాళ్ళలోకీ ఇసుకలోకీ ఇంకి, చాలాకాలం అక్కడే ఉండిపోతుంది. ఆ పొట్లం వాడకుండానే పారేశాను.

నేను చేసింది చాలా మోటు పని. బకెట్లో ట్యాంకు నీళ్ళే తీసుకుని, క్లామ్‌ని అందులో ముంచి ఉంచి, కొత్త టూత్‌బ్రష్‌తో చిప్పంతా రుద్దాను. చిప్ప మీద పొలుసుల్లా లేచి ఉండే మడతల సందుల్లో జిగురు చుక్కల్లాంటివి కనిపిస్తాయి, అవే గుడ్లు. వాటిని వదిలేస్తే పని మళ్ళీ మొదటికొస్తుంది. అడుగున క్లామ్ కాలు (రాయిని పట్టుకునే మెత్తటి కండ) బయటికొచ్చే సందు దగ్గర మాత్రం గట్టిగా రుద్దకండి, అక్కడ నత్తల్ని ట్వీజర్‌తో ఏరండి. క్లామ్ రాయికి దారాలతో అంటుకుని ఉంటే లాగొద్దు. లాగితే ఆ కాలు దగ్గర చిరుగుతుంది, ఆ దెబ్బకు కోలుకోదు. దారాల్ని రాయికి ఆనించి బ్లేడుతో కోయాలి. తర్వాత నేను దాని కింద ఒక కుండపెంకు పెట్టాను. రెండు రోజుల్లో దానికే అతుక్కుంది, అప్పట్నుంచి పెంకుతో సహా పైకి తీయడం తేలికైంది. తిరిగి ట్యాంకులో పెట్టేటప్పుడు నీళ్ళలోనే మెల్లగా అటూ ఇటూ వంచండి, లోపల గాలి బుడగ చిక్కుకుంటే మంచిది కాదు.

ఒక్కసారితో అయిపోతుందనుకోకండి. రోజూ రాత్రి లైట్లు ఆరిన గంటకు టార్చికి ఎర్ర జిలేటిన్ కాగితం చుట్టి చూసి, దొరికినవి ఏరేసేవాణ్ణి. వారానికోసారి బ్రష్. మొదటి వారం పదకొండు నుంచి నాలుగుకి తగ్గాయి, మూడో వారం తొమ్మిదయ్యాయి. అప్పుడు నిజంగా టెన్షన్ పడ్డాను. మిగిలిన గుడ్లు పొదిగాయన్నమాట. ఏడో వారానికి ఒక్కటీ కనపడలేదు.

సిక్స్‌లైన్ వ్రాస్ చేప వీటిని తింటుంది. నేనూ ఒకటి తెచ్చాను. పగలు బయట దొరికినవి తింటుంది గానీ రాత్రి అది నిద్రపోయాకే కదా ఇవి పైకి వచ్చేది! సాయంగా పనికొస్తుంది తప్ప దాని మీదే భారం వెయ్యొద్దు. కాస్త గొడవ మనిషి కూడా, చిన్న చేపల్ని తరుముతుంది.

అన్నట్టు, ఈ పెద్ద క్లాముల కుటుంబం మొత్తం సైటిస్ (అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. వాటిలో మాక్సిమా, స్క్వామోసా అనే జాతులైతే మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతులు. మీది ఏ జాతో రాయలేదు. కాగితాలు లేకుండా అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం ఇంకోటి కొనకండి.

గాజు శుభ్రం చేయడానికి వేసిన టర్బో, ట్రోకస్ నత్తలుంటే వాటి గుల్లల్నీ తిప్పి చూడండి. ఈ పిరమిడెల్లిడ్ కుటుంబంలోవి వాటి మీదా ఎక్కుతాయి. నేను క్లామ్‌ని ఐదు వారాలు రుద్దాక గానీ ఆ పని చెయ్యలేదు, చూస్తే ఒక టర్బో మూతి దగ్గర మూడు కూర్చుని ఉన్నాయి.